మూడో ఫోను

శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా కొమురెల్లిని దొంగను చెయ్యాలి. ఆ పని వెంకటలక్ష్మి మీద పడింది.

పని అప్పగించింది పరిపాలనాధికారి రాఘవేంద్ర. బుధవారం ఉదయం ఆమెను తన గదిలోకి పిలిచి, టెలిఫోను బిల్లుల కట్టనూ దాని మీద ఆడిట్ వాళ్ళు రాసి పంపిన ప్రశ్ననూ బల్ల మీద ముందుకు తోశాడు.

"మనకు మూడు ఫోన్లమ్మా. రెండిటి బిల్లులు బాగానే ఉండాయి. మూడోది చూడు. రెండు నెలలకు పద్నాలుగు వేలు. ఎస్టీడీ కొట్టీ కొట్టీ మీటరు కాలిపోయింటుంది."

"మూడోదంటే సర్వే గదిలో ఉండే ఫోను కదా సార్."

"ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"కొమురెల్లి దగ్గర."

"చూడు మరి. మనం ఇంటికి పోయినాక తలుపు తీస్తాడు, హాస్టల్ పిల్లోళ్ళను పిలుస్తాడు, కాల్‌కింత అని వసూలు చేస్తాడు. నువ్వు విచారించినట్టు రెండు పేజీల నోటు పెట్టు. శుక్రవారం ఆడిట్ వాళ్ళు సర్దుకుని పోతారు. ఆ లోపల జవాబు ఇచ్చేస్తే మనకు తలనొప్పి వదులుతుంది."

"విచారించకుండానే రాయమంటారా సార్?"

రాఘవేంద్ర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "విచారించు. ఎవరొద్దన్నారు? శుక్రవారం లోపల విచారించు."

యూనివర్సిటీ ఆవరణలో ఒక మూలనున్న పాత రాతి భవనం కరువు ప్రాంతాల అధ్యయన సంస్థది. యూనివర్సిటీకి దానితో సంబంధం లేదు, స్థలం మాత్రమే వాళ్ళది. జీతాలు ప్రభుత్వం గ్రాంటు నుంచి వస్తాయి. డైరెక్టరు నెలలో ఇరవై రోజులు ఢిల్లీలో ఉంటారు కాబట్టి రాఘవేంద్ర మాటే శాసనం. వెంకటలక్ష్మి అక్కడ అకౌంట్స్ సెక్షన్లో సీనియర్ అసిస్టెంటు. కాగితం మీద ఏ మాటైనా కింది నుంచి మొదలై పైకి పోవాలన్నది ఆఫీసు ధర్మం. పెద్దవాళ్ళు ఆరోపణలు చెయ్యరు. చిన్నవాళ్ళు చేసిన ఆరోపణలను ఆమోదిస్తారు. అందుకే ఆ నోటు వెంకటలక్ష్మి చేత్తో మొదలు కావాలి.

ఇక కొమురెల్లి. పదకొండేళ్ళుగా దినకూలీ మీద పనిచేస్తున్న అటెండరు. అలాంటి తొమ్మిదిమందిని పర్మనెంటు చెయ్యడానికి పేర్ల జాబితా పంపమని ప్రభుత్వం ఉత్తరం రాసింది. దానికి గడువు కూడా శుక్రవారమే. ఎవరి మీదైనా విచారణ నడుస్తుంటే ఆ పేరు కొట్టెయ్యాలని ఉత్తరంలో స్పష్టంగా ఉంది. ఆ రెండు శుక్రవారాలు ఒకటే కావడం యాదృచ్ఛికమని వెంకటలక్ష్మి ఆ ఉదయం నిజంగానే అనుకుంది.

కొమురెల్లి వరండాలో నీళ్ళ కుండ కడుగుతున్నాడు.

"సర్వే గది తీద్దువు గానీ రా."

"అండ్ల ఏమున్నది మేడం, ఎలుకలు తప్ప?"

"ఫోన్ చూడాల."

అతను కుండ దించి ఆమె మొహంలోకి చూశాడు. "ఏ ఫోను?"

గది తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. పాత సర్వే ఫారాల కట్టలు నడుమెత్తున ఉన్నాయి. దుమ్ముకు వెంకటలక్ష్మికి తుమ్ము వచ్చింది. గోడకు ఒక చెక్కపలక, దాని మీద చిన్న తెల్ల డబ్బా, అందులోంచి జానెడు వైరు వేలాడుతోంది. వైరు చివర ఏమీ లేదు.

"ఫోనేది?"

"ఎన్నడో తీస్కపోయిన్రు మేడం. మూడేండ్లు అయితుందేమో. లైన్‌మన్లు వచ్చిన్రు, ఊడబెరికిన్రు, సంచిల ఏస్కొని పోయిన్రు."

"ఎక్కడికి?"

"నాకేం ఎర్క?"

"మూడేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదా నువ్వు?"

"అడిగినోళ్ళెవలు?" అన్నాడు కొమురెల్లి. తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పుతూ, "ఏంది మేడం, నా మీదికేమన్న తెస్తున్నరా?" అన్నాడు.

ఆమె వేలాడే వైరు వైపు తిరిగింది. అతనికి జవాబు అక్కర్లేకపోయింది.

"పదకొండేండ్లు మేడం. ఎండకాలం సెలవులిస్తే ఆ దినాల కూలి కూడ రాదు నాకు. రామంతాపూర్ల ఓనరు కిరాయి పెంచిండు, పర్మినెంట్ అయితుంది, ఆగు సేటూ అని చెప్పుకుంట వచ్చిన. ఈసారి పేరు పోతే మళ్ల లిస్టు ఎన్నడొస్తదో. నేనుంటనో లేదో."

"ఊరుకో కొమురెల్లీ. ఇంకా ఏమీ రాయలేదు నేను."

కానీ ఆమె బుర్రలో ఒక్కటే తిరుగుతోంది. ఫోను లేదు. బిల్లు వస్తోంది. లేని ఫోను నుంచి ఎవరో రోజూ మాట్లాడుతున్నారు. బిల్లులో యూనిట్లే తప్ప ఏ ఊరికి చేశారో ఉండదు. మరి ఎక్కడ మోగుతోంది అది?

తెలుసుకోవడానికి చాలా సులువైన దారి ఉంది. మూడేళ్ళలో ఆఫీసులో ఒక్కరికీ తట్టలేదు. తట్టనివాళ్ళలో తనూ ఉంది.

సాయంత్రం తార్నాక చౌరస్తాలో బస్సు దిగి, సీతాఫల్‌మండి వైపు ఇంటికి పోకుండా, పసుపురంగు ఎస్టీడీ బూతులోకి దూరింది. గాజు తలుపు వేసుకుని, బిల్లు మీదున్న మూడో నంబరు తిప్పింది. రెండుసార్లు మోగగానే ఎత్తారు.

"ఆఁ, చెప్పండి, ఏ ఊరికి?"

పద్నాలుగు వేల ప్రభుత్వ ఫోను తనను ఏ ఊరికని అడుగుతోంది.

"అనంతపురానికి," అంది, పుట్టిన ఊరే నోటికొచ్చి.

"ఈరోజా, రేపా?"

"రేపు."

"రేపు కిటికీ సీటు లేదక్కా. వెనక లైనుండాది. వద్దంటే బెంగళూరు బండిలో ఎక్కిస్తా, తెల్లారుజామున దింపేస్తాడు. వీడియో కోచ్."

"టికెట్టు మీ దగ్గరికొచ్చి తీసుకుంటాను. ఎక్కడ?"

"తార్నాక చౌరస్తా నుంచి లాలాపేట రోడ్డులో రండి. మూడో సందు, పచ్చ గేటు. కింద మేమే ఉంటాం."

ఆమె రూపాయి బిళ్ళ ఇచ్చి బయటపడింది. నడక కాదు, పరుగే.

పచ్చ గేటు పక్కన రేకు బోర్డు మీద పొడుగాటి బస్సు బొమ్మ. గేటు స్తంభానికి చిన్న చలువరాతి పలక. దాని మీద నల్లక్షరాల్లో పేరు: కె. రాఘవేంద్ర, పరిపాలనాధికారి. వెంకటలక్ష్మి ఆ పలకను మళ్ళీ చదివింది. సార్ ఇల్లు తార్నాకలో అని తెలుసు గానీ గుమ్మం ఎప్పుడూ చూడలేదు.

ముందుగదిలో బల్ల వెనక ముప్పయ్యేళ్ళ మనిషి రెండు ముక్కల టికెట్ల పుస్తకం ముందేసుకుని కూచున్నాడు. సంచులతో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. బల్ల మీద బూడిదరంగు ఫోను. దాని మీద ఒక పక్కన తెల్ల పెయింటుతో సంస్థ పేరు పొడి అక్షరాల్లో, కింద 3 అంకె. ఆ పెయింటు వేసింది తమ ఆఫీసు అటెండరు మొగిలే. ఆ వంకర మూడు తమ కుర్చీల మీద, బీరువాల మీద రోజూ చూసేదే.

"అనంతపురం అక్క మీరేనా? కూచోండి. నా పేరు హేమంత్. ఒక్క నిమిషం, బెంగళూరుకు కొట్టి సీట్లు అడుగుతా." ఫోనెత్తి తిప్పుతూనే మాట్లాడుతున్నాడు. "వేరే టికెట్ల ఆఫీసుల్లో చూడండి, ఫోను డెడ్డు, రేపు రా అంటారు. మాకా బాధ లేదు. గవర్నమెంటు ఫోనక్కా ఇది, ఎప్పుడూ డెడ్ కాదు."

"గవర్నమెంటు ఫోను మీకెట్లా వచ్చింది?"

"మా బావది. ఇల్లూ బావదే. అక్కా బావా పైన ఉంటారు. పెద్ద ఆఫీసరు లెండి, క్యాంపు ఆఫీసు ఉంటుందే, అది."

"బిల్లు మీరే కడతారా?"

హేమంత్ నవ్వాడు. "క్యాంపు ఆఫీసుకు బిల్లేంటక్కా."

డబ్బు చాలదని చెప్పి ఆమె లేచి వచ్చేసింది. మెట్లు రెండేసి చొప్పున దిగింది. భయం కాదు, ఒళ్ళు మంట.

గురువారం మధ్యాహ్నానికి ఆ మంట సగం ఆమె మీదికే తిరిగింది. పాత ఫైలు దొరికింది. మూడేళ్ళ కిందటి ఉత్తర్వు: అనంతపురం జిల్లా కరువు సర్వే నిమిత్తం తార్నాకలో మూడు నెలలపాటు క్యాంపు ఆఫీసు, సర్వే గది ఫోను అక్కడికి మార్పు. అనంతపురంలో ఎండిన బావులను తార్నాకలో కూచుని కొలిచారన్నమాట. సరే. ఉత్తర్వు ఉంది. మూడు నెలలు ఎప్పుడో గడిచిపోయాయి. ఆ తర్వాత?

ఆ తర్వాత బిల్లులున్నాయి. రెండేళ్ళుగా ఆడిట్ రాలేదు కాబట్టి ఎవరూ విప్పని కట్ట. ప్రతి బిల్లు మీదా ఊదారంగు ముద్ర: 'కాల్స్ అన్నీ ఆఫీసు పనిమీద చేసినవేనని పరిశీలించి ధ్రువీకరించడమైనది.' ప్రతి ముద్ర కిందా ఒకే సంతకం. వెంకటలక్ష్మి సంతకం.

ఈ సీటుకొచ్చిన కొత్తలో ఆమె ఆ వాక్యాన్ని చేత్తో రాసేది. రాయాలంటే రిజిస్టరు తెచ్చి ఏ కాల్ ఎవరికో చూడాలి. ఒక బిల్లుకు ఒక పూట పట్టేది. చెయ్యి నొప్పి పుట్టి, ముషీరాబాద్‌లో సొంత డబ్బుతో రబ్బరు ముద్ర చేయించుకుంది. ముద్ర వచ్చాక వాక్యం రాసే పని తప్పింది. దాంతోపాటే రిజిస్టరు చూసే పని కూడా ఎప్పుడు తప్పిందో ఆమెకే గుర్తులేదు. పన్నెండు బిల్లులు. లక్షా ముప్పై ఒక్క వేలు. గోడకు వేలాడే వైరును రెండేళ్ళపాటు ఆఫీసు పని చేస్తోందని ధ్రువీకరించింది తనే.

శుక్రవారం పదకొండింటికి ఆమె నోటు పట్టుకుని రాఘవేంద్ర గదిలోకి వెళ్ళింది. ఒక్క పేజీ. ఫోను ఎక్కడుందో, ఎవరు వాడుతున్నారో, కొమురెల్లికి ఏ సంబంధమూ లేదని.

ఆయన నింపాదిగా చదివాడు. మొహంలో రంగు మారలేదు. పెన్ను తీసి అడుగున 'మాట్లాడండి' అని ఒక్క ముక్క రాసి ఫైలు మూశాడు. ఆఫీసులో ఆ ముక్కకు అర్థం అందరికీ తెలుసు. ఇక మీదట జరిగేది ఏదీ కాగితం మీదికి రాదు.

"కూచోమ్మా. ఒకే జిల్లావాళ్ళం మనం. మీ నాయన మా పెద్దన్నకు చదువు చెప్పినాడు. నువ్వు నా ఇంటికొచ్చి కాఫీ కూడా తాగకుండా పోతే ఎట్లా?"

"ఆ ఫోను ఆఫీసుది సార్."

"కాదన్నానా? అది క్యాంపు ఆఫీసు. ఉత్తర్వుంది."

"మూడు నెలలకే సార్ ఉత్తర్వు."

"ముగిసిందని ఉత్తర్వుందా?"

లేదు. వెంకటలక్ష్మి ఫైలు మూడుసార్లు తిరగేసింది. తెరిచినట్టు కాగితం ఉంది, మూసినట్టు లేదు.

"ముగించనిది నడుస్తున్నట్టే లెక్క," అన్నాడు ఆయన జాలిగా. "ఇంక నువ్వు. పన్నెండు ముద్రలు. నా సంతకం యాడుంది చూపించు. నీ సంతకం మీద బిల్లు పాసయింది. ఎవరు ముందు మునుగుతారో చూసుకో తల్లీ. కొమురెల్లికేం, కూలోడు. ఇక్కడ కాకపోతే ఇంకోచోట."

"క్యాంపు ఆఫీసు నడుస్తోందంటే ఆ కాల్స్ అన్నీ తార్నాక నుంచి పోయినట్టే కదా సార్. అప్పుడు కొమురెల్లి చేసింది ఏముంది? ఆగిపోయిందంటే ఫోను మీ ఇంట్లో ఉన్నట్టు. రెండిట్లో ఏదో ఒకటి మీరే రాయండి. నేను కింద సంతకం చేస్తా."

ఆయన మొదటిసారి గొంతు పెంచాడు. "రాయాల్సింది నువ్వు. నోటు కింది నుంచి రావల్ల. నాలుగింటికి సరైన నోటు తీసుకురా. లేకుంటే విచారణకు నువ్వు సహకరించలేదని నేనే రాస్తా, వాడి పేరు కొట్టేస్తా. పో."

ఆమె నోటు ఆయన సొరుగులోకి పోయింది. తాళం పడింది.

బయట వరండాలో తొమ్మిదిమందీ పొద్దున్నుంచే చేరారు. ఊడ్చే లచ్చవ్వ అందరికీ పెద్దదిక్కులా మెట్టు మీద కూచుని ఉంది. "ఏమాయె బిడ్డా?" అని అడిగింది. వెంకటలక్ష్మి ఆగకుండా సెమినారు హాలు వైపు నడిచింది. అక్కడ ఆడిట్ వాళ్ళు సర్దుకుంటున్నారు.

ఆడిటరు దానియేలుకు యాభై దాటాయి. ఎన్ని ఆఫీసుల అబద్ధాలు చదివాడో, కళ్ళకింద సంచులు వేలాడుతున్నాయి. ఆడిట్ వాళ్ళ కాగితానికి ఒక పద్ధతుంది. నిలువునా మడిచిన తావులో ఎడమ సగంలో వాళ్ళు ప్రశ్న రాస్తారు, కుడి సగంలో ఆఫీసు జవాబు రాసివ్వాలి. ఒకసారి అది వాళ్ళ చేతికి చేరిందా, ఇక ఎవరి సొరుగూ దాన్ని మింగలేదు. ఆమె చేతిలోని ఫోను ప్రశ్నకు ఎదురుగా కుడి సగం ఇంకా ఖాళీగా ఉంది.

వెంకటలక్ష్మి నిలబడే రాసింది. ఫోను ఉన్న చిరునామా. టికెట్ల ఆఫీసు. ఇంటి యజమాని పేరు. కొమురెల్లికి సంబంధం లేదన్న మాట. చివర, ఎవరూ అడగకపోయినా ఒక వాక్యం: 'రిజిస్టరు చూడకుండా పన్నెండు బిల్లులపై ముద్ర వేసినది నేనే.' సంతకం పెట్టి ఇచ్చింది.

దానియేలు చివరి వాక్యం దగ్గర ఆగాడు. "ఇది ఎందుకమ్మా? మేమెటూ పట్టుకుంటాం. మీ అంతట మీరు రాసివ్వక్కర్లేదు."

"అది లేకపోతే పైదంతా కక్షతో రాసిందంటారు సార్."

"జవాబు మీద ఆఫీసరు సంతకం ఉండాలి."

"పన్నెండు బిల్లులకు నా ఒక్క సంతకం సరిపోయింది సార్. ఆఫీసరు సంతకం కావాలని అప్పుడెవరూ అనలేదు."

ఆయన నవ్వలేదు. కాగితం ఇంకోసారి చదివి, "నిజం చెప్పమంటారా?" అన్నాడు. "ఇది మా రిపోర్టులో ఒక పేరా అవుద్ది. పేరా మీద జవాబు అడుగుతాం, వాళ్ళు ఆరునెలలకు సగం జవాబిస్తారు, మళ్ళీ అడుగుతాం. మీ సారుకి రిటైర్మెంటు ఎప్పుడు?"

"ఇంకా మూడేళ్ళు."

"అప్పటికి ఇది సగం దారిలో ఉంటది. ఆయన క్షేమంగా ఇంటికి పోతాడు. ఆ ఇంట్లో ఫోనుంటది. మీకు అర్థమవుతోందా?"

"కొమురెల్లి సంగతి?"

"అటెండరు మీద ఆరోపణకు ఆధారం లేదని రాసి, నకలు మీ ఆఫీసుకిస్తాను. నా చేతిలో ఉన్నది అంతవరకే."

"అంతవరకే ఇవ్వండి సార్."

నాలుగున్నరకు జాబితా రాఘవేంద్ర బల్ల మీదుంది. టైపిస్టు స్వరూప ఆడిట్ నకలును జాబితాకు గుండుసూదితో గుచ్చే పట్టుకెళ్ళింది. స్వరూపకు పరోపకారం మీద పెద్ద మోజు లేదు గానీ, రేపెవరైనా అడిగితే తన మెడకు చుట్టుకోకూడదన్న జాగ్రత్త బాగా ఉంది. తలుపు బయట తొమ్మిదిమంది నిలబడ్డారు. ఆరులోపల సచివాలయంలో ఇచ్చి రావాల్సిన మొగిలి సైకిల్ పట్టుకుని గేటు దగ్గరున్నాడు. ఆయన కొమురెల్లి పేరు మీద పెన్ను పెట్టాడని, ఆడిట్ నకలు చూశాడని, పెన్ను ఎత్తాడని, మళ్ళీ పెట్టాడని స్వరూప తర్వాత చెప్పింది. తలుపు సందులోంచి లచ్చవ్వ గొంతు వినిపించింది. "ఐదైతుంది సారూ. మా అందరి గతి గా ఒక్క దస్కత్ల ఉన్నది."

ఐదుకు ఎనిమిది నిమిషాలుండగా ఆయన సంతకం చేశాడు. తొమ్మిది పేర్లూ ఉన్నాయి. మొగిలి సైకిలెక్కాడు.

కొమురెల్లి వెంకటలక్ష్మి బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. దండం పెట్టలేదు, ఏడవలేదు. "ఓనరుకు చెప్పాలె మేడం, ఇయ్యాల జల్ది పోత," అని మాత్రం అన్నాడు. ఆమెకు ఆ రాత్రి బాగా నిద్ర పట్టింది.

తర్వాతి బుధవారం అతనే మళ్ళీ వచ్చాడు. చంకలో టపా పుస్తకం, చేతిలో కవరు. ఆఫీసులో ఏ కాగితం ఎవరికిచ్చినా ఆ పుస్తకంలో సంతకం చేయించుకోవాలి. పేజీలకు నంబర్లుంటాయి, చించడానికి వీల్లేదు. అతను కవరు బల్ల మీద పెట్టలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"నాతోనే పంపిన్రు మేడం. మొగిలి ఉన్నడు సార్, వానితోని పంపున్రి అన్న. లేదు, నువ్వే ఇయ్యాలె అన్నడు."

"ఇవ్వు. నువ్వేం చేస్తావు."

లోపల రెండు కాగితాలు. మొదటిది మెమో. తార్నాక క్యాంపు ఆఫీసు రెండేళ్ళ కిందటే మూసివేయబడినది. అయినను మీరు తదుపరి బిల్లులను ధ్రువీకరించి సంస్థకు నష్టము కలిగించినారు. లక్షా ముప్పై ఒక్క వేల రూపాయలు మీ జీతము నుండి ఏల రాబట్టరాదో వారము రోజులలో తెలుపవలెను. నెలకు వెయ్యి చొప్పున కోసుకున్నా పదేళ్ళు దాటుతుంది.

రెండోది ఆ మూసివేత ఉత్తర్వు. గత శుక్రవారం లేనిది, ఈ బుధవారానికి రెండేళ్ళ వయసుతో పుట్టింది. తేదీ ఉంది, నంబరుంది, అడుగున 'నకలు: అకౌంట్స్ సెక్షన్' అని కూడా ఉంది. సిరా మాత్రం ఇంకా మెరుస్తోంది. వేలితో రుద్దితే అంటుకుంది.

"ఏమున్నది మేడం అండ్ల?"

ఆమె చదివి చెప్పింది.

"నేను చెప్త మేడం. ఫోను ఎన్నడు తీసిండ్రో, ఎట్ల తీసిండ్రో, ఎవలడిగితే వాళ్ళకు చెప్త."

"నీ పర్మనెంటు ఆర్డరు ఇంకా చేతికి రాలేదు. అప్పటిదాకా నోరు మూసుకో."

"మూసుకుంటే మూడేండ్లాయె."

వెంకటలక్ష్మికి అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. తను నిజం రాసింది. రాసిన నిజం ఆడిట్ దగ్గర వరసలో నిలబడింది, అబద్ధం మాత్రం ఐదురోజుల్లో టైపు అయి వచ్చేసింది. దానిమీద పోట్లాడాలంటే మళ్ళీ కాగితమే. ఆ కాగితానికి జవాబు, జవాబుకు మెమో.

"పుస్తకం ఇటివ్వు," అంది.

టపా పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా సంతకానికి బెత్తెడు గడి. ఎవరైనా పొట్టి సంతకం గీకి ఇచ్చేస్తారు. ఆమె పెన్ను తీసి చిన్నక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. గడి చాలక పక్క గడిలోకి, కిందిదానిలోకి పోయింది. 'మెమో అందినది. క్యాంపు ఆఫీసు మూసివేత ఉత్తర్వు నకలు నాకు మొదటిసారిగా ఈరోజే అందినది. సిరా ఇంకా ఆరలేదు.'

"టైం ఎంతయింది?"

కొమురెల్లి వరండాలోకి పోయి గోడ గడియారం చూసొచ్చాడు. "పావు తక్కువ నాలుగు."

టైము వేసి, సంతకం పెట్టి, కింద జాగా మిగిల్చి పుస్తకం అతని వైపు తిప్పింది. "ఇచ్చింది నువ్వు. నీ సంతకం కూడా పెట్టు. ఇష్టమైతేనే."

అతను పెన్ను తీసుకున్నాడు. కూడబలుక్కుంటూ ఒక్కో అక్షరమే పేరు మొత్తం రాశాడు. పుస్తకం మూసి చంకలో పెట్టుకుని, రాఘవేంద్ర గది వైపు మెట్లెక్కాడు.